ఇంట్లో టచ్ ఫోను ఉంది, సరే. ఎవరి చేతిలో ఉంది? సిక్కోలు, విజయనగరం వాళ్ళు చెప్పండి

లెక్కల మాస్టారు (చీపురుపల్లి)
ఆదివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. కొత్త రిజిస్టరు రాయడానికి కూర్చుని, ఎందుకో 2012 నాటిది కూడా తీశాను. అందులో ఫోన్ నంబరు గడి చాలామందికి ఖాళీ. కొందరికి ఏదో నంబరుంది, పక్కనే నా చేతిరాతతో ‘కిరాణా కొట్టు’, ‘పెదనాన్నది’ అని ఉంది. ఇప్పటి రిజిస్టర్లో ఖాళీ గడి లేదు. వాట్సాప్ ఉందా అంటే అందరూ ఉందనే అంటున్నారు.

అలాగని నాకు నెమ్మదిగా లేదు. 2020లో బడులు మూసినప్పుడు మా చేత సర్వే చేయించారు, గుర్తుందా? స్మార్ట్‌ఫోను, నెట్టు ఉన్న పిల్లలు ‘హైటెక్’, టీవీయో రేడియోయో ఉంటే ‘లోటెక్’, ఏదీ లేకపోతే ‘నోటెక్’. గరివిడి వైపు ఒక ఇంటికెళ్ళాను. టచ్ ఫోను ఉందా అమ్మా అంటే ఉంది బాబూ అంది ఆ తల్లి. ఏదీ చూపించమంటే, లాక్‌డౌన్ సడలించగానే ఆయన పట్టుకుని హైదరాబాదు పనికి వెళ్ళిపోయాడంది. గుమ్మం పక్కన సున్నం గోడ మీద బొగ్గుతో ఆయన నంబరు రాసి ఉంది, అయిదేసి అంకెలు రెండు వరసల్లో. ఆ నంబరుకి చెయ్యాలన్నా పక్కింటి ఫోనే దిక్కు. పిల్ల తొమ్మిదో తరగతి, లెక్కల్లో చురుకైనది. ఫారంలో ‘ఉంది’, ‘లేదు’ అని రెండే ఉన్నాయి. తల్లి ఉందంది కాబట్టి హైటెక్‌లో వేశాను. ఆ ఏడాది వాట్సాప్‌లో పంపిన పాఠాలు ఒక్కటీ ఆ పిల్లకి చేరలేదు. ఆ టిక్కు పెట్టింది నేనే, ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే దేశమంతటా పల్లెల్లో తీసిన లెక్క చూడండి. బడికెళ్ళే పిల్లలున్న ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020లో 61.8, 2021లో 67.6, 2022లో 74.8. మొదటి రెండేళ్ళలోనే అంత పెరగడం చిన్న సంగతి కాదు. అయితే 2021లోనే, తొమ్మిదో తరగతి దాకానో అంతకంటే ఎక్కువో చదివిన తల్లిదండ్రుల పిల్లల్లో ఇంచుమించు 80 శాతానికి ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉంటే, అయిదో తరగతి లోపు ఆగిపోయినవాళ్ళ పిల్లల్లో 50 శాతం దాటి కొంచెమే. ఇంకొకటి, ఇంట్లో ఫోనున్నా అది చేతికి అందని పిల్లలు నలుగురిలో ఒకరు, 26 శాతం.

మీ ఇంట్లో టచ్ ఫోను ముందు ఎవరికి వచ్చింది? వాళ్ళేం చదివారు? ఆఖర్న ఎవరికి వచ్చింది? దయచేసి ఉన్నదున్నట్టు రాయండి.

---

సెల్ పాయింట్ (రాజాం)
ఆదివారం, ఉదయం 8:15

మాస్టారూ, కౌంటరు ఇవతల కూర్చుని చూసినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను.

నేను ఈ పనిలోకి వచ్చేటప్పటికి నోకియా 1100 రాజ్యం. అది 2003 మోడలు. టార్చి ఉందని రైతులు కొనేవాళ్ళు, రాత్రిళ్ళు మోటారు వెయ్యడానికి పొలం వెళ్ళాలి కదా. టచ్ ఫోన్లు వచ్చిన కొత్తలో కొన్నది మాస్టార్లు, బ్యాంకు వాళ్ళు, ఇంజినీరింగ్ కుర్రాళ్ళు. చదువు లేనాయన షాపుకొస్తే ‘బటన్ల ఫోను చూపించు బాబూ’ అనేవాడు, టచ్‌ది చేత్తో ముట్టుకోడానికి కూడా భయం. 2016 సెప్టెంబర్లో జియో వచ్చాక ఆ భయం పోయింది. నెట్టు మొదట్లో ఉచితం. ఆ మరుసటేడు 1500 డిపాజిట్టుతో జియోఫోను వచ్చింది, అది బటన్ల ఫోనే గాని, 2018 నుంచి లోపల యూట్యూబ్ కూడా నడిచేది. అదే 2017 ఆగస్టులో గూగుల్‌కి తెలుగులో మాట్లాడితే వినడం వచ్చింది. నా లెక్కలో ఈ మూడోదే పెద్ద మలుపు. రాయడం రాని మనిషి మైకు గుర్తు నొక్కి ‘కోడి కూర’ అంటే వీడియో వచ్చేసింది. అప్పట్నుంచి వేలిముద్ర వేసేవాళ్ళు కూడా ‘ఆ మైకు ఉన్న ఫోను ఇయ్యి’ అని అడగడం మొదలెట్టారు.

అయితే ఒక సంగతి ఎవరూ రాయరు. చదువు తక్కువున్న ఇళ్ళకి చేరేది కొత్త ఫోను కాదు. అన్న విడిచిన చొక్కా తమ్ముడు తొడిగినట్టు, హైదరాబాదులో కొడుకు కొత్తది కొంటాడు, పాతది సంక్రాంతికి తెచ్చి నాన్నకిస్తాడు, నాన్న దగ్గరున్న ఇంకా పాతది అమ్మకి వస్తుంది. అమ్మ చేతికొచ్చేసరికి గాజు ఒక మూల పగిలి, చార్జింగు పిన్ను వదులై, వైరు ఒక వైపుకి వంచి పట్టుకుంటేగాని ఎక్కని ఫోను అది. స్టోరేజీ నిండా కొడుకు ఫోటోలే. బ్యాంకు యాప్ వేద్దామంటే ఈ వెర్షనుకి పని చెయ్యదంటుంది. 2025 మొదట్లో కిట్‌క్యాట్ అనే పాత ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయినప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు. ‘నిన్నటిదాకా మా అబ్బాయి కనబడ్డాడు, ఈవేళ కనబడటం లేదు, చూడు బాబూ’ అని ఒక మామ్మ అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

సర్వేలో అదీ స్మార్ట్‌ఫోనే, ఇదీ స్మార్ట్‌ఫోనే.

---

జీడితోట (పలాస)
ఆదివారం, ఉదయం 9:02

మాస్టారంటే గౌరవమే గాని ఒప్పుకోలేకపోతున్నాను. చదువుకీ ఫోనుకీ ఇప్పుడు సంబంధం ఎక్కడుందండీ? మా నాన్న మూడో తరగతి. పొద్దున్నే జీడిపిక్కల ధర వాట్సాప్‌లో చూసుకుని, ఫలానా వ్యాపారికి ఇద్దాం, ఫలానా వాడికి వద్దు అని తేల్చేస్తాడు. డబ్బులు ఫోన్‌పేలోనే. నేను బీటెక్, ఆ బేరం నాకు చేతకాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు చూశాం ఫోను విలువ. తోటలు పోయాయి, కరెంటు పోయింది, టవర్లు మూగబోయాయి. జనరేటరు పెట్టిన చోట డబ్బులిచ్చి చార్జింగు పెట్టుకున్నాం. ఆ వరసలో చదివినవాడు, చదవనివాడు అని తేడా లేదు, అందరి చేతిలోనూ ఫోనుంది. నష్టపోయిన తోట ఫోటో తీసి పెట్టుకోవాలని మా నాన్నకే ముందు తోచింది.

---

అంకెల మనిషి (పుట్టింది బొబ్బిలి, ఉండేది విశాఖ)
ఆదివారం, ఉదయం 11:30

నా ఉద్యోగం సర్వే లెక్కలతోనే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక జాగ్రత్త. ‘ఎంతమందికి ఫోనుంది’ అనే ప్రశ్నని ఒక్కో సర్వే ఒక్కోలా అడుగుతుంది. మాస్టారు చెప్పిన అసర్ లెక్క ఇళ్ళది, అదీ చదువుకునే పిల్లలున్న పల్లె ఇళ్ళది. 2018లో అది 36.5. అదే ఏడాది అమెరికా సంస్థ ప్యూ మన దేశంలో పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగితే స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్ళు 24 శాతమే. ఇంకో 40 శాతానికి మామూలు సెల్లు, 35 శాతానికి అసలు ఏదీ లేదు. రెండు సర్వేల జనం వేరు కాబట్టి ఇందులోంచి అది తీసెయ్యకూడదు. అయినా ఇంటికి ఒక ఫోను, మనిషికి ఒక ఫోను అనేవి రెండు వేరు లెక్కలని తెలుస్తుంది. ఇప్పుడు కేంద్రం వాళ్ళ జాతీయ నమూనా సర్వే 2025 జనవరి–మార్చిలో ఇళ్ళని అడిగితే 85.5 శాతం ఇళ్ళలో కనీసం ఒక స్మార్ట్‌ఫోనుంది. ‘కనీసం ఒకటి’ అన్న మాట చూడండి. అయిదుగురున్న ఇంట్లో ఒకటుంటే అదీ అందులోనే పడుతుంది.

రెండోది, చదువు తేడా అని మనం అనుకునేదాంట్లో వయసు తేడా కొంత దాక్కుని ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత విజయనగరం జిల్లాలో 58.89 శాతం, శ్రీకాకుళంలో 61.74. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 67 అయితే మనం ఇంత వెనక. చదువురాని ఆ జనంలో పెద్ద వయసువాళ్ళే ఎక్కువ. వాళ్ళ దగ్గర ఫోను లేకపోతే అది చదువు లేకనా, వయసు మీద పడా, చేతిలో డబ్బు లేకనా? ఒకే వయసువాళ్ళని పక్కపక్కన పెట్టి చూస్తేగాని తేలదు. పలాస తమ్ముడి నాన్నగారికి వ్యాపారం ఉంది, అవసరం ఉంది, చేతిలో డబ్బు ఆడుతుంది. చదువు చెయ్యాల్సిన పని అక్కడ అవసరం చేసింది. అదే చదువుతో కూలికెళ్ళే మనిషిని తీసుకోండి, కథ మారుతుంది.

మూడోది, పైకప్పు. అమెరికాలో 2011లో పెద్దవాళ్ళలో 35 శాతానికి స్మార్ట్‌ఫోనుంటే 2021కి 85 శాతం అయింది. ఆ 2021 లెక్కలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళలో 93, హైస్కూలుతో ఆగినవాళ్ళలో 75. అంత డబ్బున్న దేశంలో కూడా 18 పాయింట్ల తేడా మిగిలింది. పైనున్నవాళ్ళు నూటికి దగ్గరపడ్డాక ఇంక పెరగడానికి చోటు ఉండదు, కిందున్నవాళ్ళు నెమ్మదిగా వచ్చి కలుస్తారు. అప్పుడు ‘తేడా పోయింది’ అంటాం. తేడా అప్పటికే వేరే చోటికి మారిపోయి ఉంటుంది. రాజాం అన్నయ్య చెప్పిన పాత ఫోను సంగతి అలాంటిదే. కొన్నది ఏ ఏడాది, ఎన్నో చేతికి వచ్చింది అని నేనెప్పుడూ ఫారంలో పెట్టలేదు. పెట్టాలి.

---

లెక్కల మాస్టారు (చీపురుపల్లి)
ఆదివారం, మధ్యాహ్నం 1:10

అంకెల మనిషి గారూ, రెండోసారి కూర్చుని చదివాను. వయసు మాట నాకు తట్టలేదు. ధన్యవాదాలు.

పలాస బాబూ, నాన్నగారికి నా నమస్కారం చెప్పు. మీ అమ్మగారి దగ్గర ఏ ఫోనుంది?

---

మేటు (సీతంపేట దగ్గర)
ఆదివారం, సాయంత్రం 5:45

నేను టెన్త్ పాసయ్యాను. ఉపాధి పనిలో మేటుగా, అంటే కూలీల హాజరు వేసే మనిషిగా చేశాను. నాకు టచ్ ఫోను ఆ పని కోసమే కొన్నారు. 2023 జనవరి 1 నుంచి పని ఎక్కడ జరిగినా హాజరు యాప్‌లోనే వెయ్యాలన్నారు. రోజుకి రెండు ఫోటోలు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. కొండ పక్క పని పడితే సిగ్నల్ ఉండదు. అందరినీ నిలబెట్టి ఫోటో తీసి, గట్టు ఎక్కి, చెయ్యి పైకెత్తి ఫోను తిప్పుతూ నిలబడేదాన్ని. ఫోటో ఎక్కకపోతే ఆ పూట కూలి ఏమవుతుందోనని నా గుండె కొట్టుకునేది. నా వెనక ఉన్న ఆడవాళ్ళు ఎవరూ బడికి వెళ్ళలేదు. నా ఫోను వంకే చూసేవాళ్ళు. డబ్బులు పడ్డాయా అని కూడా నన్నే అడిగేవాళ్ళు, ఎందుకంటే బ్యాంకు మెసేజి వాళ్ళ ఇంట్లో మగవాళ్ళ నంబరుకి వెళ్తుంది.

ఒకామె నాతో అన్న మాట రాస్తాను. ‘నీకు పదో తరగతి ఉంది కాబట్టి నీకు ఫోను వచ్చింది. నీకు ఫోనుంది కాబట్టి మాకు కూలి వచ్చింది. మరి నువ్వు పెళ్ళై వెళ్ళిపోతే మాకేటి దారి?’

చదువుకి ఫోనుకి సంబంధం లేదన్న అన్నయ్య ఒకసారి మా వైపు రావాలి.

---

జీడితోట (పలాస)
ఆదివారం, సాయంత్రం 6:30

చెల్లెమ్మా, నువ్వు చెప్పింది విన్నాను. మాస్టారూ, మా అమ్మ దగ్గర బటన్ల ఫోనుంది. అదీ నాన్న మార్చాక మిగిలింది. వచ్చింది ఎత్తుతుంది, చెయ్యడం రాదు. అడిగేదాకా ఈ సంగతి నా బుర్రకి రాలేదు. నిజంగా రాలేదు.

---

గంగమ్మ తల్లి కొడుకు (ఎచ్చెర్ల తీరం)
ఆదివారం, రాత్రి 8:20

మాది వేటకెళ్ళే ఊరు. మగాళ్ళంతా గుజరాత్‌లో వేరావల్ పోతారు, బోట్ల మీద పని. మా ఇంట్లో మొదటి టచ్ ఫోను మా నాన్నది, చదువు అసలు లేదు. బోటు రేవుకి వచ్చినప్పుడు వీడియో కాల్‌లో మమ్మల్ని చూడాలని కొన్నాడు. బోటు మళ్ళీ లోపలికి పోతే రోజుల తరబడి మాట ఉండదు. అమ్మ ఫోను పక్కన పెట్టుకునే పడుకుంటుంది, తలగడ కింద కాదు, చాప మీద చెవి పక్కన. చార్జింగు తగ్గుతుందేమోనని మమ్మల్ని యూట్యూబ్ ముట్టుకోనివ్వదు. మేం చదువుకోడానికి ఫోనుందా అని ఎవరైనా అడిగితే ఉందనే చెప్తాం. అమ్మ దగ్గర లాక్కోవడం మాకు మనసొప్పదు.

చదువులేనివాళ్ళకి ఫోను ఆఖర్న వస్తుందనే మాట మా దగ్గర చెల్లదు మాస్టారూ. వలసపోయే ఇంటికి ముందే వస్తుంది. ఇది కూడా రాసుకోండి.

---

డిగ్రీ పిల్ల (గజపతినగరం)
ఆదివారం, రాత్రి 9:40

నేను ఫైనలియర్. మా ఇంట్లో ఎక్కువ చదివింది నేనే. నాకు సొంత ఫోను లేదు. తమ్ముడు ఇంటరు తప్పాడు, వాడికుంది.

అసర్ 2023లో 14 నుంచి 18 ఏళ్ళ పిల్లల్ని అడిగారు. మన రాష్ట్రం నుంచి తీసుకున్నది శ్రీకాకుళం జిల్లానే. దేశం మొత్తం మీద స్మార్ట్‌ఫోను వాడడం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతానికి సొంత ఫోనుంటే, అమ్మాయిల్లో 19.8. ఈ అంకె మా మేడం క్లాసులో చెప్పినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు, మాకు తెలిసిందే కదా.

నా కష్టం ఇది. నా ఆధార్‌కి ఎక్కించిన నంబరు మా చిన్నాన్నది. చిన్నప్పుడు ఇంట్లో ఆయనకొక్కడికే ఫోనుండేది. స్కాలర్‌షిప్పు ఫారం నింపుతుంటే ఓటీపీ ఆయనకి వెళ్తుంది. ఆయన లారీ మీద ఒడిశాలో ఎక్కడో ఉంటాడు. పదిసార్లు ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తి అంకెలు చదివేలోపు టైమైపోతుంది. పోయినేడు ఒక ఫారం గడువు అలాగే దాటిపోయింది. ఆ కార్యాలయంలో అడిగితే ‘నీ నంబరు నీ దగ్గర ఉంచుకోవాలి కదమ్మా’ అన్నారు. నా నంబరు అంటూ ఉంటే కదా ఉంచుకోవడానికి.

ఇప్పుడు వాట్సాప్‌లోనే ప్రభుత్వ పనులన్నీ అయిపోతాయంటున్నారు. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ మొదలైంది, అప్పుడే 161 సేవలు. నాకు చాలా సంతోషం, ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది. కాని అదీ ఎవరి వాట్సాప్‌లో?

---

సెల్ పాయింట్ (రాజాం)
ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, ముందు నీ పని చూద్దాం. ఆధార్‌లో నంబరు మార్చడానికి పాత నంబరుకి ఓటీపీ రానక్కర్లేదు. నువ్వే వెళ్ళి ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేస్తే చాలు. కొన్ని సచివాలయాల్లోనూ చేస్తున్నారు. లేదంటే మీ ఊరి పోస్టుమేనుని అడుగు, పోస్టల్ బ్యాంకు తరఫున ఇంటి దగ్గరే ఆ మార్పు చేసే వీలుంది. సిమ్ము మాత్రం నీ పేరు మీద తీసుకో. తమ్ముడి పేరు మీదా వద్దు, నాన్న పేరు మీదా వద్దు. టచ్ ఫోను తర్వాత కొనుక్కోవచ్చు, ఓటీపీకి బటన్ల ఫోను చాలు.

ఇంకొకటి, ఇది అందరికీ. అమ్మకి పాత ఫోను ఇచ్చేటప్పుడు కొడుకు అకౌంటు తీసేసి, అమ్మ పేరుతో కొత్తగా మొదలుపెట్టండి. లేకపోతే అది కొడుకు ఫోనే, అమ్మ మోస్తుంది అంతే.

---

అంకెల మనిషి (పుట్టింది బొబ్బిలి, ఉండేది విశాఖ)
ఆదివారం, రాత్రి 10:50

డిగ్రీ చెల్లి రాసినదానికి ఒక అంకె కలుపుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని ‘మీరే వాడుకునే సెల్లు మీకుందా’ అని అడిగారు. దేశంలో ఉందన్నవాళ్ళు 2015–16లో 46 శాతం, 2019–21లో 54. ఇది ఏ సెల్లయినా సరే, టచ్‌ది అని కాదు. ‘మీరే వాడుకునే’ అన్న ఆ రెండు మాటల వల్ల ఆ ప్రశ్న నాకు ఇష్టం.

ఎచ్చెర్ల తమ్ముడూ, నీ మాట రాసుకున్నాను. వలస అనే గడి నా ఫారంలో లేదు.

---

ఆశ అక్క (నెల్లిమర్ల)
సోమవారం, ఉదయం 6:20

రాత్రి అంతా చదివాను. నావి నాలుగు మాటలే. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. నిరుడు దసరాకి నా జీతంలోంచి కొత్త ఫోనే కొన్నాను, పాతది ఇవ్వలేదు. పేర్లు చదవలేదు కాబట్టి ఒక్కొక్కరి ఫోటో తీసి నంబరుకి పెట్టాను. గ్యాసు బండి కుర్రాడికి బండ ఫోటో, పాలాయనకి గేదె ఫోటో. మా చెల్లి ఫోటో మాత్రం ఫోనులో చిన్నగా పడి ఆనడం లేదంటే, పసుపు చీర కట్టుకున్నది తీసి పెట్టాను. పసుపు కనబడితే చెల్లి అని నొక్కుతుంది. నాకు రోజూ పొద్దున్న మైకు నొక్కి పట్టుకుని వాయిస్ పెడుతుంది. మొదట్లో వేలు ముందే తీసేసేది, సగం మాటే వచ్చేది. ఇప్పుడు మాట పూర్తయ్యాక ‘అయిపోనాది’ అని చెప్పి మరీ వదుల్తుంది.

---

లెక్కల మాస్టారు (చీపురుపల్లి)
సోమవారం, ఉదయం 7:05

బడికి బయల్దేరుతూ రాస్తున్నాను. ఈ ఏడాది నా రిజిస్టర్లో ఫోను గడిని చీల్చి నాలుగు చేశాను. నంబరు ఎవరిది, పగలు ఎవరి దగ్గరుంటుంది, సాయంత్రం ఒక గంట పిల్ల చేతికి వస్తుందా, తల్లికి వాయిస్ పెట్టడం వచ్చా. ఇవాళ తొమ్మిదో తరగతితో మొదలుపెడతాను. నెల్లిమర్ల అమ్మాయీ, ఆ ఫోటోల పద్ధతి మా తల్లుల సమావేశంలో నువ్వొచ్చి చూపిస్తావా?

---

జీడితోట (పలాస)
సోమవారం, ఉదయం 7:30

రాజాం అన్నయ్యా, షాపు శనివారం ఎన్నింటికి తీస్తావు? దూరమే గాని, అమ్మని తీసుకొస్తాను. ఫోను కొత్తది, సిమ్ము అమ్మ పేరు మీదే.

---

సెల్ పాయింట్ (రాజాం)
సోమవారం, ఉదయం 7:34

తొమ్మిదిన్నరకి తీస్తాను. అమ్మ ఆధార్ కార్డు మర్చిపోకు తమ్ముడూ. నాన్నగారి ఫోటో ఒకటి, నీది ఒకటి తీసి ఉంచు, నంబర్లకి పెడదాం.